ఉయ్‌గర్ల గోస: ఓటు కాడ ఎవరి లెక్క వాళ్లదే

2022 అక్టోబర్ 6. జెనీవాల ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి కూసున్నది. ముందటికి వచ్చిన తీర్మానం చానా చిన్నది. చైనాకు శిక్ష వెయ్యమని అందుల లేదు. విచారణకు టీమ్‌ను పంపమని సుత లేదు. చైనాలోని జిన్‌జియాంగ్‌ల ఉయ్‌గర్ ముస్లింల మీద సమితి ఆఫీసే ఒక రిపోర్టు ఇచ్చింది, వచ్చే సమావేశాలల్ల దాని మీద చర్చ పెట్టుకుందాం అన్నరు. గంతే.

మండలిల ఉన్నవి 47 దేశాలు. సరే అన్నవి 17. వద్దన్నవి 19. ఎటూ చెప్పకుంట ఊకున్నవి 11. అంటే తప్పు జరిగిందా లేదా అనే కాడికి ముచ్చట పోనేలేదు. మాట్లాడుకుందామా వద్దా అన్న కాడనే ఖతమైంది.

ఎవరు ఎటు చెయ్యెత్తిన్రో చూస్తే ఇంకా విచిత్రం. పాకిస్తాన్, ఇండోనేషియా, ఖతార్, యూఏఈ, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, సెనెగల్... ముస్లింలు ఎక్కువున్న ఈ దేశాలన్నీ చర్చ వద్దన్నయ్. ఇస్లామిక్ దేశాల కూటమిలకెల్లి సరే అన్నది ఒక్క సోమాలియానే. మన పక్కనున్న నేపాల్ వద్దన్నది. అప్పుడే రష్యా దాడితోని ఆగమై, దునియా మొత్తాన్ని సాయమడుగుతున్న ఉక్రెయిన్ ఊకున్నది. మన దేశం సుత ఊకున్నది.

ఉయ్‌గర్ల ముచ్చట మన ఫోన్లల్లకు ఎక్కువగ రెండు తీర్ల వస్తది. ఒకటి, "ముస్లిం దేశాలే నోరు మెదపలే, ఇగ మనకెందుకు" అని. రెండోది, "ఇదంతా చైనాను బద్నాం చెయ్యనీకి అమెరికా అల్లిన కథ" అని. రెండిట్ల ఏది నమ్మినా అసలు సంగతి కనవడది. ఈ ఓటు పట్టీని ఒక్కో దేశం పట్టుకొని చూస్తే, మతం కన్నా మిత్తి లెక్కలు, మాల్ లెక్కలు, రేపు మన మీదికి వస్తదేమో అన్న భయం ఎక్కువ కనవడుతయ్.

అక్కడ ఏం జరిగింది?

జిన్‌జియాంగ్ చైనాకు పడమటి కొస. జాగ మన దేశంల సగమంత ఉంటది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 2.5 కోట్లకు పైన మంది ఉంటే, అందుల ఉయ్‌గర్లు 1.16 కోట్లు. వాళ్ల భాష టర్కీ భాషకు చుట్టం, రాసేది అరబ్బీ లిపిల. చైనా మొత్తం మీద ఎక్కువున్న హాన్ జాతితోని వాళ్లకు భాష వేరు, మతం వేరు, తిండి వేరు.

చైనా చెప్పే మాట సుత వినాలె. 2009 జులైల ఉరుమ్చి పట్నంల హాన్‌లు, ఉయ్‌గర్ల నడుమ కొట్లాటైంది. దగ్గర దగ్గర 200 మంది చనిపోయిన్రని సర్కారే చెప్పింది. 2014 మార్చిల కున్‌మింగ్ రైల్వే స్టేషన్‌ల కత్తులతోని దాడి చేస్తే 31 మంది ప్రాణాలు పోయినయ్. ఇవి అబద్ధాలు కావు. టెర్రరిజాన్ని అణిచేటందుకే ఇదంతా చేస్తున్నమని చైనా అంటది. కానీ కొందరు చేసిన దానికి మొత్తం జాతి మీద అనుమానం వడ్డది. 2016ల చెన్ క్వాంగ్వో అనే లీడర్ అక్కడ పార్టీ బాధ్యత తీసుకున్నంక, 2017 సంది మందిని పట్టుకపోయి క్యాంపుల పెట్టుడు షురువైంది. గడ్డం పెంచుడు, బురఖా ఏసుకునుడు, పాస్‌పోర్టుకు అర్జీ పెట్టుకునుడు... లీకైన సర్కారు కాగితాలల్ల మనుషులను లోపలేసిన కారణాలు ఇసొంటియే ఉన్నయ్.

10 లక్షల మంది దాంక నిర్బంధంల ఉన్నరని నమ్మదగ్గ రిపోర్టులు వచ్చినయని 2018 ఆగస్టుల సమితి కమిటీ సభ్యురాలు ముఖం మీదనే అడిగింది. క్యాంపులే లెవ్వని చైనా జవాబిచ్చింది. రెండు నెలలు తిరగకముందే లోకల్ చట్టం మార్చి, అవి "వృత్తి శిక్షణ కేంద్రాలు" అన్నది. 2019 డిసెంబర్ వరకు అందరి కోర్సు అయిపోయిందని చెప్పింది. అంతకు నెల ముందే ఆ కేంద్రాలు నడిపే రూల్స్ లీకై బయటికొచ్చినయ్. ఎవ్వరు తప్పిచ్చుకపోకుంట తలుపులకు డబుల్ తాళాలెయ్యాలని అందుల రాసి ఉన్నది. కుట్టు మిషన్ నేర్పే కాడ డబుల్ తాళమెందుకు?

ఇంకో లెక్క చూడాలె. జిన్‌జియాంగ్‌ల 2017ల వెయ్యి మందికి 15.88 కాన్పులు ఉంటే, 2019 వచ్చేసరికి 8.14కు పడిపోయినయ్. రెండేండ్లల్ల సగం. ఇది అమెరికా చెప్పింది కాదు, చైనా సర్కారు అచ్చేసిన లెక్క.

చదువుకున్నోళ్లను సుత ఇడిసిపెట్టలే. ఇల్హామ్ తోహ్తి ఎకనామిక్స్ పంతులు. హాన్‌లు, ఉయ్‌గర్లు కూసోని మాట్లాడుకోవాలని రాసినాయన. 2014ల యావజ్జీవం వేసిన్రు. రాహిలే దావుత్ ఊరూరు తిరిగి ఉయ్‌గర్ల జానపద కథలు, దర్గాల ముచ్చట్లు ఏరి పెట్టిన పరిశోధకురాలు. 2017 డిసెంబర్‌ల కనవడకుంట పోయింది. ఆమెకు సుత యావజ్జీవం పడ్డదని లోకానికి ఎరుకైంది 2023ల. అమ్మమ్మలు చెప్పే కథలు రాసుకునే ఆడామె, దేశానికి ఏం అపాయం చేస్తది?

ఉత్తరం మీద ఉత్తరం

మరి దునియా ఏం చేసింది? ముందుగాల ఉత్తరాలు రాసింది. 2019 జులైల 22 దేశాలు కలిసి మండలికి లెటర్ పెట్టినయ్. కొన్ని దినాలకే 37 దేశాలు "చైనా మంచిగనే చేస్తున్నది" అని ఎదురు లెటర్ ఇచ్చినయ్. సౌదీ, పాకిస్తాన్ అందులనే ఉన్నయ్. గప్పటిసంది ఇదే తంతు. 2022ల సమితి సర్వసభ్య సమావేశాల కాడ కెనడా 50 దేశాల తరఫున మాట్లాడితే, క్యూబా 66 దేశాల తరఫున చైనాను మెచ్చుకున్నది. ఇటు సంతకాలు పెరిగినయ్, అటు సంతకాలు సుత పెరిగినయ్. జైల్ల ఉన్న మనిషికి మాత్రం ఏ ఉత్తరం చేరలే.

సమితి ఆఫీసు రిపోర్టు కథ ఇంకా వేరు. మానవ హక్కుల హైకమిషనర్ మిచెల్ బాచెలెట్ 2022 మేల చైనా పోయొచ్చింది. రిపోర్టు ఎప్పుడిస్తరని అందరు అడుగుడు, ఆమె ఆపుడు. ఆగస్టు 31న ఆమె పదవి అయిపోతదనంగ, అర్ధరాత్రికి కొన్ని నిమిషాల ముంగట బయటవెట్టింది. అందుల "జాతి హననం" అన్న మాట లేదు. కానీ అక్కడ జరిగినవి మానవత్వం మీద చేసిన నేరాల కిందికి రావచ్చని సాఫ్‌గ రాసిన్రు. అక్టోబర్‌ల చర్చకు అడ్డంపడ్డది ఈ రిపోర్టుకే.

ముస్లిం దేశాలకేమైంది?

ఊర్ల పంచాయితీ యాదికి తెచ్చుకోన్రి. పెద్ద ఆసామి మీద ఫిర్యాదు వస్తే, ఆయనకు బాకీ ఉన్నోళ్లు నేల చూస్తరు. పాకిస్తాన్ కథ అదే. చైనా-పాకిస్తాన్ ఎకనామిక్ కారిడార్ మొదలయ్యేదే జిన్‌జియాంగ్‌లోని కాష్గర్ కాడ. అక్కడికెల్లి గ్వాదర్ రేవు దాంక రోడ్లు, కరెంటు ప్లాంట్లు చైనా పైసలతోని లేచినయ్. కాశ్మీర్ మీద రోజూ మాట్లాడే ఇమ్రాన్ ఖాన్, ప్రధానిగ ఉన్నప్పుడు ఉయ్‌గర్ల గురించి అడిగితే, చైనాతోని ఏమన్న ఉంటే తలుపులేసుకొని మాట్లాడుకుంటం అన్నడు.

కజకిస్తాన్‌ది ఇంకా గోస. జిన్‌జియాంగ్ క్యాంపులల్ల పడ్డోళ్లల్ల కజక్ జాతోళ్లు సుత ఉన్నరు. అంటే సొంత చుట్టాలే. అయినా ఆ దేశం చర్చ వద్దన్నది. జి జిన్‌పింగ్ 2013ల బెల్ట్ అండ్ రోడ్ ముచ్చట ముందుగాల ఎత్తింది ఆ దేశ రాజధానిలనే. గ్యాస్ పైపులు, రైలు పట్టాలు చైనా దిక్కు పోతయ్.

టర్కీ కొంచెం నయం. వేల మంది ఉయ్‌గర్లు అక్కడ తలదాచుకున్నరు. 2019 ఫిబ్రవరిల టర్కీ విదేశాంగ శాఖ ఈ క్యాంపులు మానవజాతికే సిగ్గుచేటని గట్టిగనే అన్నది. తర్వాత పెట్టుబడులు కావాలె, కరోనా టీకాలు కావాలె. గొంతు తగ్గింది. ఇస్లామిక్ దేశాల కూటమి అయితే 2019 మార్చిల, ముస్లిం పౌరులను మంచిగ చూసుకుంటున్నవని చైనాను మెచ్చుకుంట తీర్మానమే చేసింది.

పైసలొక్కటే కాదు, ఇంకో భయం ఉన్నది. ఈ దేశాలల్ల చానా వాటికి సొంత జైళ్లల్ల సొంత ప్రతిపక్షాలున్నయ్. ఇయ్యాల చైనా ఇంటిలకు తొంగి చూస్తే, రేపు మన ఇంటిలకు తొంగి చూస్తరు అనే లెక్క. ఈ భయానికి మతం లేదు. క్యూబాకు ఉన్నది, వెనిజులాకు ఉన్నది, సౌదీకి ఉన్నది.

అమెరికా చేతులు సాఫ్‌గ ఉన్నయా?

లెవ్వు. 2001 తర్వాత టెర్రరిజం మీద యుద్ధానికి చైనా సోపతి కావాల్సి వచ్చి, 2002ల అమెరికానే ఒక ఉయ్‌గర్ సంస్థను టెర్రరిస్టు లిస్టుల పెట్టింది. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ దిక్కు దొరికిన 22 మంది ఉయ్‌గర్లను గ్వాంటనామో జైల్ల ఏండ్లకేండ్లు ఉంచింది. వీళ్లు శత్రువులు కాదని తేలినంక సుత ఇడిసిపెట్టనీకి జాగ దొరకలే. చైనాకు భయపడి ఏ దేశం తీసుకోలే. అల్బేనియా, బెర్ముడా, పలావు అసొంటి చిన్న చిన్న దేశాలకు పంపుకుంట పంపుకుంట, ఆఖరి ముగ్గురిని స్లోవేకియాకు తోలేసరికి 2013 డిసెంబర్ అయింది. అదే అమెరికా చైనాతోని యాపార పంచాది ముదిరినంక, 2020ల ఆ సంస్థ పేరు లిస్టులకెల్లి తీసేసింది. 2021 జనవరి 19న, ట్రంప్ సర్కారు దిగిపోయే ముందురోజు, జిన్‌జియాంగ్‌ల జరుగుతున్నది జాతి హననమని ప్రకటించింది.

కెనడా పార్లమెంటు 2021 ఫిబ్రవరిల 266 ఓట్లతోని అదే మాట అన్నది, ఎదురు ఓటు ఒక్కటి లేదు. కానీ ప్రధాని ట్రూడో, ఆయన మంత్రులు ఓటేయకుంట తప్పిచ్చుకున్నరు. పార్లమెంటుకు నోరుంటది, సర్కారుకు లెక్కలుంటయ్.

ఇదంతా చూసి "అయితే అంతా నాటకమే" అనొద్దు. ఫిర్యాదు చేసినోడు మంచోడు కానంత మాత్రాన జరిగిన తప్పు మాయమైతదా? లీకైన కాగితాలు చైనావే, కాన్పుల లెక్క చైనాదే. అమెరికా నియ్యత్ మీద అనుమానపడుడు వేరు, ఉయ్‌గర్ల గోసను అబద్ధమనుడు వేరు.

మాల్ ఆగితే కదలిక వచ్చింది

2021 మార్చి 22న యూరప్, బ్రిటన్, కెనడా, అమెరికా ఒకే దినం జిన్‌జియాంగ్ ఆఫీసర్ల మీద ఆంక్షలు పెట్టినయ్. 1989 తియనాన్మెన్ తర్వాత యూరప్ చైనా మీద హక్కుల కోసం ఆంక్షలు పెట్టుడు అదే మొదలు. చైనా అదే దినం యూరప్ ఎంపీల మీద ఎదురు ఆంక్షలు పెట్టింది. దాంతోని ఏడేండ్లు బేరమాడి కుదుర్చుకున్న పెట్టుబడుల ఒప్పందాన్ని యూరప్ పార్లమెంటు పక్కకు పెట్టింది. బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎమ్ జిన్‌జియాంగ్ పత్తి కొనమని చెప్పినందుకు చైనా ఆన్‌లైన్ అంగళ్లల్ల దాని పేరే కనవడకుంట చేసిన్రు.

పత్తి అంటే ఏందో ఆదిలాబాద్, వరంగల్ దిక్కు పోరగాళ్లకు చెప్పే పనిలేదు. దునియాల పండే పత్తిల దాదాపు అయిదో వంతు జిన్‌జియాంగ్‌దే. అక్కడ "మిగులు కూలీలు" అని పేరు పెట్టి, సర్కారే మనుషులను గుంపులుగ చేన్లకు, ఫ్యాక్టరీలకు తోలే స్కీమ్ ఉన్నది. కూలి ఇస్తున్నం కదా అంటది చైనా. మన దగ్గర కూలి గిట్టకుంటే రానని మేస్త్రీకి మొఖం మీదనే చెప్తం. రానంటే క్యాంపుకు పోవాల్సి వస్తదన్న భయం ఉన్న కాడ, ఆ మాట ఎవరంటరు? బలవంతం అంటే బెత్తమే ఉండాల్నని లేదు.

అందుకే 2021 డిసెంబర్‌ల అమెరికా ఒక చట్టం తెచ్చింది. 2022 జూన్ 21 సంది అమలైంది. దీని కిటుకు ఏందంటే, తప్పు జరిగిందని సర్కారు రుజువు చేసే పనిలేదు. జిన్‌జియాంగ్‌ల తయారైన మాల్ ఏదైనా బలవంతపు చాకిరీతోని చేసిందే అని ముందే లెక్కగడ్తరు. కాదని రుజువు చేసుకునే బరువు కంపెనీదే. బట్ట ఏ దేశంల కుట్టినా సరే, అందుల పత్తి ఎక్కడిదో కాగితం చూపాలె. చూపకుంటే రేవులనే ఆగుతది. పత్తే కాదు, సోలార్ ప్యానెళ్లు, టమాటలు సుత దీని కిందికి వస్తయ్.

దెబ్బ తగిలిందా? తగిలింది. కంపెనీలు మాల్ తెచ్చుకునే తొవ్వలు మార్చుకున్నయ్. చైనా 2022ల బలవంతపు చాకిరీ మీద ఉన్న రెండు అంతర్జాతీయ కార్మిక ఒప్పందాలకు ఒప్పుకున్నది. కాగితం మీదనే కావచ్చు, 50 దేశాల ప్రకటన అది సుత తేలేదు. ఫోక్స్‌వ్యాగన్ 2024 నవంబర్‌ల ఉరుమ్చి ప్లాంటును అమ్ముకున్నది. యూరప్ సుత 2024ల బలవంతపు చాకిరీ మాల్‌ను ఆపే చట్టం చేసింది, అమలయ్యేది 2027 డిసెంబర్‌ల. కానీ ఒక మార్కెట్ తలుపేస్తే మాల్ ఇంకో మార్కెట్‌కు పోతది. అందరు కలిసి ఆపితేనే బరువు పడ్తది.

మరి మనం?

జిన్‌జియాంగ్ మనకు పరాయి దూరం కాదు, లడాఖ్‌కు ఆనుకొనే ఉన్నది. చైనా పట్టుకొని కూసున్న అక్సాయ్ చిన్‌ల ఎక్కువ భాగాన్ని జిన్‌జియాంగ్‌ల హోటన్ కిందనే లెక్కగడుతున్నది. 2024 ఆఖరుకు అక్కడ రెండు కొత్త కౌంటీలు పెడితే మన దేశం గట్టిగ అభ్యంతరం చెప్పింది. 2020 జూన్‌ల గల్వాన్‌ల మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ప్రాణమిచ్చింది ఇదే దిక్కు సరిహద్దుల. అయినా రెండేండ్లకు జెనీవాల చర్చకు ఓటేసే కాడ ఢిల్లీ ఊకున్నది. 2016ల అయితే ఉయ్‌గర్ లీడర్ డోల్కున్ ఈసాకు వీసా ఇచ్చినట్టే ఇచ్చి, చైనా కోపం జేసేసరికి రద్దు చేసింది.

ఓటు మర్నాడు మన విదేశాంగ శాఖ, జిన్‌జియాంగ్ ప్రజల హక్కులను గౌరవించాలె, వాటికి గ్యారంటీ ఉండాలె అన్నది. మన దేశం అంత సాఫ్‌గ అనుడు అదే మొదలు. మరి ఓటెందుకు వెయ్యలే? ఒక్కో దేశాన్ని పట్టుకొని చేసే తీర్మానాలు పనికిరావన్నది మన పాత పద్ధతి అన్నరు. దాని వెనక ఉన్న రంది తెలిసిందే. ఇయ్యాల జిన్‌జియాంగ్ అంటే, రేపు కాశ్మీర్ అంటరు. దానికి తోడు ఏడాదికి 10 వేల కోట్ల డాలర్ల పైన మాల్ చైనాకెల్లి వస్తున్నది. మందుల ముడిసరుకు కాడికెల్లి సోలార్ ప్యానెళ్ల దాంక.

కానీ ఆ పాత పద్ధతి ఎన్నడూ తప్పనిది కాదు. 2012ల, మల్ల 2013ల శ్రీలంక మీద అదే మండలిల తీర్మానం వస్తే మన దేశం ఓటేసింది. ఎందుకు? తమిళనాడు జనం లేచి అడిగిన్రు. పార్టీలు ఢిల్లీ మెడ మీద కూసున్నయ్. సర్కారుకు ఓటెయ్యక తప్పలే. 2014ల మల్ల పక్కకు జరిగింది, అది వేరే ముచ్చట. మనం నేర్చుకునేది ఒకటుంది. దేశాలు బయట ఎట్ల ఓటేస్తయో, లోపల ఎవరు అడుగుతున్నరు అన్న దాన్ని పట్టి ఉంటది. శ్రీలంక తమిళులకు అడిగేటోళ్లు మన దేశంల ఉన్నరు. ఉయ్‌గర్లకు లేరు. వాళ్లకు దేశం లేదు, ఓటు లేదు, ఏ సర్కారు మెడ మీద కూసునే పార్టీ లేదు.

అడిగేటోళ్లు లేకుంటే ఏమైతదో 2025 ఫిబ్రవరి 27న తెలిసింది. చైనాకెల్లి తప్పిచ్చుకొని వచ్చి, థాయిలాండ్‌ల పదేండ్లకు పైన నిర్బంధంల ఉన్న 40 మంది ఉయ్‌గర్లను అక్కడి సర్కారు తెల్లారకముందే వ్యాన్లల్ల ఎక్కిచ్చి, విమానంల చైనాకు తోలింది. వద్దని సమితి మొత్తుకున్నది. పంపినంక అమెరికా థాయ్ ఆఫీసర్లకు వీసాలు బంద్ చేసింది. పోయినోళ్లు పోయిన్రు.

ఫోన్ల ఈసారి ఉయ్‌గర్ల ముచ్చట వస్తే, ఏ మతపోళ్లు ఊకున్నరని లెక్కపెట్టకున్రి. ఓటు కాడ ఊకున్న 11 దేశాలల్ల మనదొకటి. ఓట్లకు వచ్చే మన ఎంపీని రోడ్డు, నీళ్లు అడిగినట్టే, "గా దినం మన ఓటు ఎటుపోయింది సారూ" అని అడగొచ్చు. ఆయన దగ్గర జవాబు ఉండకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న ఢిల్లీ దాంక పోవాల్నంటే, ముందుగాల ఎవరో ఒకరు అడగాలె కదా.